ఎర్హార్డ్ ఎత్తివేసిన కంట్రోళ్ళు

పశ్చిమ జర్మనీ ఆర్థికాభ్యుదయానికి మూలపురుషుడని పేరుపడిన లుడ్విగ్ ఎర్హార్డ్‌ను, ధరల అదుపు ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఢిల్లీలో ఎవరో ఒకరు స్మరించక మానరు. ఆయన ఒక్క కలంపోటుతో కంట్రోళ్ళు రద్దు చేశాడనీ, మర్నాటికే దేశం సుభిక్షమయిందనీ వారి వాదన. ఆయన జీవితాన్ని పరికిస్తే కథ అంత సూటిగా లేదని నాకు తోస్తున్నది.

ఎర్హార్డ్ 1897లో బవేరియాలోని ఫ్యూర్త్ పట్టణంలో బట్టల వ్యాపారి ఇంట జన్మించాడు. పసితనంలోనే పోలియో సోకింది. 1918లో యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడి, దుకాణంలో నిలబడే శక్తి లేక చదువు వైపు మళ్ళాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన గురువు ఫ్రాంజ్ ఓపెన్‌హైమర్, గుత్తాధిపత్యాన్ని ద్వేషించిన ఉదార సోషలిస్టు.

1948లో అమెరికన్, బ్రిటిష్ ఆక్రమిత ప్రాంతాల ఆర్థిక పాలన ఆయన చేతికి వచ్చినది. జూన్ 20న కొత్త మార్కు చెలామణిలోకి వచ్చింది. తలకు మొదట 40 మార్కులు. నాణెం మార్పు పథకం ప్రధానంగా అమెరికన్లది. దానితోపాటు అనేక వస్తువులపై కంట్రోలు తీసివేసిన సాహసం మాత్రం ఎర్హార్డ్‌దే. అనుమతి లేనిదే నిబంధనలు ఎట్లా మార్చావని సైనికాధికారులు నిలదీస్తే, తాను మార్చలేదనీ, రద్దు చేశాననీ సమాధానమిచ్చాడట. ప్లీడరు కావలసినవాడు!

మర్నాడు అంగళ్ళలో సరుకులు ప్రత్యక్షమైన మాట నిజం. అందులో చాలా భాగం అంతవరకు దాచిన సరుకే. ఆ తర్వాతి నెలల సంగతి మనవారు చెప్పరు. ధరలు పెరిగాయి, వేతనాలు మాత్రం స్తంభించి ఉన్నాయి. నవంబరు 12న సుమారు 90 లక్షల మంది కార్మికులు సమ్మె చేశారు. 1950 ఆరంభంలో నిరుద్యోగుల సంఖ్య 20 లక్షలకు చేరింది. బ్యాంకులో 100 పాత మార్కులు దాచుకున్నవానికి చివరకు దక్కినవి ఆరున్నర కొత్త మార్కులు; ఫ్యాక్టరీలూ ఇళ్ళూ ఉన్నవారి ఆస్తి చెక్కుచెదరలేదు. ఆ అన్యాయాన్ని కొంతైనా సరిదిద్దటానికే 1952లో ఆస్తిపరులపై, 30 సంవత్సరాలలో చెల్లించే పద్ధతిన, పన్ను విధిస్తూ శాసనం చేయవలసి వచ్చినది.

పైగా ఇంటి అద్దెలు, బొగ్గు, ఉక్కు అదుపులోనే ఉండిపోయాయి. బొగ్గు, ఉక్కు సంస్థల పర్యవేక్షక మండళ్ళలో కార్మికులకు 1951లో సమభాగం లభించింది. 1953 లండన్ ఒప్పందం పాత విదేశీ రుణాలను దాదాపు సగానికి తగ్గించింది. అమెరికన్ సహాయం ఉండనే ఉన్నది.

ఎర్హార్డ్‌ను నేను మెచ్చుకునేది మరొకందుకు. పారిశ్రామికాధిపతుల సంఘాన్ని ఏళ్ళ తరబడి ఎదిరించి, 1957లో గుత్త కూటములపై చట్టం తెచ్చాడు. ఇక్కడి భక్తులకు ఈ ఘట్టం ఎందుకో జ్ఞాపకం రాదు. ఆయన ఆర్థికమంత్రిగా ఉన్న కాలంలోనే జర్మన్ సంస్థల తోడ్పాటుతో మన రూర్కెలాలో ఉక్కు కర్మాగారం వెలిసింది. అది ప్రభుత్వరంగంలోనిది!

1963లో ఛాన్సలర్ అయ్యాడు. మూడేళ్ళకే ఆర్థిక మాంద్యం తలెత్తి, బడ్జెట్ లోటుపై భాగస్వామ్య పక్షం మంత్రులు తప్పుకోగా, 1966లో గద్దె దిగాడు. 1977 మే 5న బాన్‌లో మరణించేనాటికి ఆయన ఇంకా పార్లమెంటు సభ్యుడే.