మంచు దారిలో తోడు నడిచినవి
(ఫ్రిట్యోఫ్ నాన్సెన్ జీవితం)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని కార్యవర్గం వారు కోరారు. కాటన్ దొర గురించి, వీరేశలింగం పంతులు గారి గురించి నాకంటె బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మన గోదావరితో ఏ సంబంధమూ లేని ఒక నార్వే దేశస్థుని ఎంచుకున్నాను. రిటైరయ్యాక కాలక్షేపానికి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళే రోజుల్లో ఆయన చరిత్ర నా కంట పడింది. ఆయన గురించే ఎందుకు రాస్తున్నానో చివర మనవి చేసుకుంటాను.

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1861 అక్టోబరు 10న ఇప్పటి ఓస్లో నగరం దగ్గర పుట్టాడు. అప్పట్లో ఆ ఊరిని క్రిస్టియానియా అనేవారు. తండ్రి న్యాయవాది. చలికాలమంతా మంచు కప్పి ఉండే దేశం అది. మనవాళ్ళు లంకలకు తాటిదోనె మీద వెళ్ళినట్టు, అక్కడివాళ్ళు స్కీల మీద ఊళ్ళు తిరుగుతారు. స్కీలంటే కాళ్ళకు కట్టుకుని మంచు మీద జారుకుంటూ పోయే పొడవాటి సన్నని చెక్కలు. నాన్సెన్‌కు చిన్ననాటి నుంచీ అవే ప్రాణం.

జంతుశాస్త్రం చదువుకుని 1882లో బెర్గెన్ పట్టణపు మ్యూజియంలో ఉద్యోగంలో చేరాడు. అదీ మనలాగే నెలజీతపు కొలువే. 1884 చలికాలంలో క్రిస్టియానియాలో స్కీ పోటీలున్నాయని తెలిసి, జనసంచారం లేని మంచు కొండలు దాటి వెళ్ళి, మళ్ళీ ఆ కొండల మీదుగానే తిరిగి వచ్చాడు. ఆ ప్రయాణంలో ఆయనకు తోడు ఆయన పెంపుడు కుక్క. మంచులో దారి తప్పితే మనిషికి పక్కన మరో ప్రాణం ఉందన్న ధైర్యం ఎంతటిదో ఆయనకు అప్పుడే తెలిసి ఉండాలి.

1888లో నాడీ వ్యవస్థ మీద చేసిన పరిశోధనకు డాక్టరేటు పుచ్చుకుని, వెంటనే మరో ఐదుగురితో గ్రీన్‌లాండు బయలుదేరాడు. ఆ మంచు దీవిని తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి దాటిన తొలి బృందం వారిదే. అప్పుడు వారికి కుక్కలు లేవు. సామాను బండ్లను మనుషులే లాగారు.

ఆయన పేరు లోకమంతా మారుమోగింది మాత్రం ఉత్తర ధ్రువ యాత్రతో. 1881లో సైబీరియా పక్క మంచులో నలిగి మునిగిన జీనెట్ అనే ఓడ తాలూకు వస్తువులు మూడేళ్ళకు గ్రీన్‌లాండు ఒడ్డున దొరికాయి. ఎగువ అడవుల్లో వరదకు కొట్టుకొచ్చిన దుంగ అంతర్వేది దగ్గర తేలితే ఏటి వాలు ఎటో మనకు తెలిసిపోదూ? నాన్సెన్ కూడా అలాగే ఆలోచించాడు. ధ్రువ సముద్రపు మంచు కదులుతోందని గ్రహించి, మంచు ఒత్తిడికి నలగకుండా పైకి తేలేటట్టు గుండ్రటి అడుగుతో ఫ్రామ్ అనే ఓడ కట్టించాడు. ఆ మాటకు ముందుకు అని అర్థం. 1893 జూన్‌లో బయలుదేరి, దారిలో రష్యా ఉత్తర తీరాన బండ్లు లాగే కుక్కలను ఎక్కించుకుని, కావాలనే ఓడను మంచులో బిగించాడు.

ఓడ ధ్రువానికి తగినంత దగ్గరగా పోవడం లేదని తేలాక, 1895 మార్చి 14న యల్మార్ యొహాన్సెన్ అనే సహచరుణ్ణి తీసుకుని స్కీల మీద బయలుదేరాడు. మూడు బండ్లు, రెండు చిన్న పడవలు, 28 కుక్కలు. మనుషులకు నూరు రోజుల తిండి పెట్టుకున్నారు. కుక్కలకు ముప్పై రోజులదే. మిగతా రోజుల మాట ఏమిటంటారా? తిండి తరిగేకొద్దీ బండ్లు తేలికవుతాయి, లాగడానికి అన్ని కుక్కలు అక్కరలేదు. అప్పుడు నీరసించిన కుక్కను చంపి మిగిలినవాటికి వేయాలి. ఇదీ లెక్క. కాగితం మీద ఎక్కడా తప్పు లేని లెక్క. జీవితమంతా లెక్కలు రాసిన నాకు ఆ పేజీ దగ్గర చేయి ఆగిపోయింది.

ఏప్రిల్ 8న 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరారు. అంతవరకు ఏ మనిషీ అంత ఉత్తరానికి పోలేదు. ఇక ముందుకు పోలేక దక్షిణానికి మళ్ళారు. ఒక్కొక్క కుక్కే తగ్గుతూ వచ్చింది. తూటాలు పొదుపు చేయాలని చాలావాటిని కత్తితోనే చంపారు. ఆగస్టు మొదటి వారానికి మంచు అంచు చేరేసరికి రెండే మిగిలాయి. నాన్సెన్ బండిది కైఫస్, యొహాన్సెన్ బండిది సుగ్గెన్. ఎదర సముద్రం, ఎక్కవలసినవి చిన్న పడవలు. కుక్కలకు చోటు లేదు. వాటికి మాత్రం చెరొక తూటా ఖర్చు పెట్టారు. తన కుక్కను తాను చంపుకోవడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. నాన్సెన్ కుక్కను యొహాన్సెన్, యొహాన్సెన్ కుక్కను నాన్సెన్ కాల్చారు.

ఆ చలికాలం ఎనిమిది నెలలకు పైగా ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో రాళ్ళు పేర్చి, పైన వాల్రస్ అనే సముద్ర జంతువు తోలు కప్పిన గుడిసెలో, ఎలుగుబంటి మాంసం తిని బతికారు. 1896 జూన్ 17న నాన్సెన్ చెవికి ఒక కుక్క మొరుగు వినిపించింది. ఆ దిక్కుగా స్కీల మీద పోతే జాక్సన్ అనే ఆంగ్లేయ యాత్రికుడు ఎదురయ్యాడు. కుక్కలను చంపుకుని వచ్చిన మనిషికి మనుషుల జాడ చెప్పింది మళ్ళీ కుక్కే. అదే ఏడు ఆగస్టులో ఇద్దరూ నార్వే చేరారు. ఫ్రామ్ కూడా క్షేమంగా వచ్చింది. పదముగ్గురిలో ఒక్కరూ పోలేదు.

ఊరూరా సన్మానాలు జరిగాయి. అయినా నాన్సెన్ తన యాత్రా గ్రంథంలో ఆ కుక్కల సంగతి దాచలేదు. అది క్రూరమేనని, తలచుకుంటే తనను తానే నిందించుకుంటానని రాసుకున్నాడు. మన ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. నాన్సెన్ ధర్మరాజు కాడు. కాని చేసిన పనిని చేశానని ఒప్పుకున్నాడు. గొప్పవాళ్ళలో అదీ అరుదే.

ఇక నా సంగతి. 1986 ఆగస్టు వరద మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. నేను అప్పుడు రెవెన్యూ గుమాస్తాను. ఒక లంక నుంచి జనాన్ని నాటుపడవలో గట్టుకు చేర్చే డ్యూటీ పడింది. నా చేతిలో పేర్ల జాబితా. ఒక ముసలాయన మెడకు తాడు కట్టిన కుక్కతో వచ్చాడు. ఇంకా పిల్లలు, బాలింతలు ఇళ్ళ కప్పుల మీద ఉన్నారు. మనుషులనే ఎక్కించుకుంటామని, కుక్కను వదిలెయ్యి తాతా అని గట్టిగా చెప్పాను. ఆయన ఎదురు చెప్పలేదు. తాడు విప్పి చేత పట్టుకుని ఎక్కాడు. అది కొంతదూరం మా వెనకే ఈదింది. తరవాత కనిపించలేదు. శిబిరంలో ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ తాడు వదలలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

నేను చేసింది తప్పా అంటే, పడవలో చోటు లేని మాట నిజం. ఆ చోటులో మరో పిల్లవాణ్ణి ఎక్కించిన మాటా నిజమే. అయినా ఆ సంగతి ఇన్నేళ్ళూ ఇంట్లో చెప్పలేదు. నాన్సెన్ చరిత్ర చదివాకే నా భార్యకు చెప్పాను. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెంపుడు జంతువులను వదలలేక ఎందరో ఇళ్ళలోనే ఉండిపోయారట. మరుసటి ఏడే అక్కడ ప్రమాద సమయాల్లో వాటినీ తరలించే ఏర్పాటు ఉండాలని చట్టం చేశారు. మా జాబితాలో అటువంటి కాలమ్ ఉంటే ఎంత బాగుండేదో.

నాన్సెన్ తరవాతి జీవితం యాత్రల కంటె పెద్దది. 1906 నుంచి 1908 వరకు లండన్‌లో నార్వే రాయబారిగా ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక నానాజాతి సమితి తరఫున నాలుగు లక్షలకు పైగా యుద్ధఖైదీలను వారి వారి దేశాలకు చేర్చాడు. రష్యా కరువులో అన్నం కోసం దేశదేశాలూ తిరిగి చేయి చాచాడు. ఏ దేశమూ తమవారని ఒప్పుకోని కాందిశీకులకు 1922లో ఒక గుర్తింపు పత్రం ఏర్పాటు చేశాడు. దానినే నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. యాభైకి పైగా ప్రభుత్వాలు దానిని అంగీకరించాయి. ఒక్క కాగితం, ఒక ముద్ర, ఒక సంతకం, వీటితో మనిషికి మళ్ళీ ఉనికి దొరికింది. ఆ కాగితం విలువ మన పెన్షనర్లకు వేరే చెప్పాలా? ఆ ఏడే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ సొమ్మూ సహాయ పనులకే ఇచ్చాడు. 1930 మే 13న తన ఇంట్లోనే కన్నుమూశాడు.

మంచు అంచున చోటు లేదని రెండు ప్రాణాలను వదులుకున్న మనిషి, ఎక్కడా చోటు లేని లక్షల మందికి చోటు వెతకడంలో చివరి పదేళ్ళు గడిపాడు. ఒకదానికి ఒకటి పరిహారమని నేను అనను, ఆయనా ఎక్కడా అనలేదు. నేను మాత్రం ఇప్పుడు రోజూ సాయంత్రం గట్టు మీదికి వెళ్ళేటప్పుడు మా వీధి కుక్కలకు నాలుగు రొట్టె ముక్కలు పట్టుకెళ్తున్నాను. మోకాళ్ళ నొప్పులున్నా మానడం లేదు. మిత్రులెవరైనా ఆ వేళకు అటు వస్తే కలిసి నడుద్దాం.