బడి దక్కని ఒజ్జ

అహోబిలమునకు పోయినవారికి నల్లమల కొండలలో పొరలు పొరలుగా నున్న రాతిగోడలు కంటబడక మానవు. వానకాలమున ఉరుకులు పెట్టు భవనాశిని ఎండకాలమునకు సన్నగిల్లును. ఈ రాయి పొరలుగా ఏల ఏర్పడెను, ఈ నీరెక్కడికి పోయెను అని దిగువ అహోబిలపు పిల్లవాడు అడిగినచో చెప్పవలసినవాడు బడిపంతులు. ఆయన ఏ పుస్తకము చదివి చెప్పవలెను? ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఇది కఠినమైన ప్రశ్నయే. కందుకూరి వీరేశలింగముగారి వంటివారు ప్రకృతి శాస్త్రములపై కొన్ని తెలుగు పుస్తకములు వ్రాసియుండిరి గాని అవి చాలినవి కావు. ఇంగ్లీషు రాని పల్లెటూరి ఉపాధ్యాయునకు శాస్త్రము దాదాపు మూసిన పెట్టెయే. పిల్లవానికి శాస్త్రము రావలెనన్న ముందు పంతులుకు పుస్తకము రావలెను. ఆ కొరత తీర్చుటకు పూనిన కొలదిమందిలో కర్నూలు సీమవాసి యొకరు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు.

ఆయన 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో ఒక పేద కుటుంబమున జన్మించిరి. కర్నూలు, గుత్తి, నంద్యాలలలో చదివి, మదరాసులో 1906లో ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనాడు ఆంధ్రులలో ఎం.ఏ.లు బహు తక్కువ. ఆ పట్టముతో ఏ కచ్చేరీలోనో పెద్ద కొలువు సంపాదించుట కష్టము గాదు. ఆయన మాత్రము ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరములోని ట్రెయినింగు కళాశాలలో చేరిరి. బడిపంతులు కాదలచిన ఎం.ఏ.లు అప్పుడే కాదు, ఎప్పుడును అరుదే.

1907లో బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతరము బిళ్లలు ధరించి తరగతులకు పోయిరి. కళాశాల అధ్యక్షుడైన మార్కు హంటరునకు అది సహింపలేదు. హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెడలగొట్టిరి. ప్రభుత్వోద్యోగము లభింపకుండ చేసిరి. చొక్కాపై నొక చిన్న బిళ్ల మూలమున ఒక ఉపాధ్యాయుడు బడికి కాకుండ పోయెను. ఆయన పేరునకు ముందు వందేమాతరము అను మాట చేరినది అప్పటినుండియే.

ఆపై 1908లో బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడపిరి. తిరునల్వేలి కాల్పులనుగూర్చి వెలువడిన వ్యాసమునకు రాజద్రోహ నేరము మోపబడి, మూడేండ్ల శిక్ష పడెను. వేలూరు చెరసాలలో కరడుగట్టిన నేరస్థుల నడుమ గడపవలసివచ్చెను. విడుదలయై వచ్చువేళకు ఉద్యోగము లేదు, పత్రిక లేదు. ప్రభుత్వమునకు జడిసి పలుకరించుటకే పలువురు వెనుదీసిరి. అట్టి సమయమున చేయూత నిచ్చినవారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు.

వీరిరువురి సంబంధము అంతకు మునుపటిదే. లక్ష్మణరావుగారు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్రలు, జీవితములు, ప్రకృతి శాస్త్రములు తెలుగువారికి తెలుగులోనే అందవలెనని వారి పట్టుదల. మండలి ప్రచురించిన మొదటి గ్రంథము హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రయే. ఎరువు పుస్తకములతో చదువుకొని పైకివచ్చిన పేదవాని కథను మరియొక పేదవాడు వ్రాసెను. 1908లో మండలి మదరాసునకు మారెను. చెరనుండి వచ్చిన హరిసర్వోత్తమరావుగారు అక్కడ సంపాదకత్వపు పనులు చూచిరి; లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వ కార్యమునందును తోడ్పడిరి.

ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము ఆ మండలి గ్రంథములే. ఈ పనిలో చిక్కంతయు మాటలయందున్నది. పాశ్చాత్య శాస్త్రములలోని ఒక్కొక్క పదమునకు తెలుగున మాట వెదకవలెను. లేనిచో సంస్కృతమునుండి తెచ్చి కూర్పవలెను. అట్లు కూర్చిన మాటలు కొన్ని నిలిచినవి, కొన్ని నోట పలుకక రాలిపోయినవి. ఈ గ్రంథములు పసిపిల్లలకు అందునవి కావని ఒప్పుకొనవలసినదే. గ్రాంథికభాష, దీర్ఘ సమాసములు వారిని భయపెట్టెడివే. కాని తెలుగు మాత్రమే నేర్చిన పంతులు వానిని చదివికొని, నల్లబల్లయొద్ద తన ఊరి మాటలలో చెప్పగలిగెను. అది చాలదా?

హరిసర్వోత్తమరావుగారు అటుపిమ్మట పత్రికలు నడపిరి, హోంరూలు ఉద్యమమున తిరిగిరి, 1920వ దశకమున నంద్యాలనుండి మదరాసు శాసనమండలికి ఎన్నికైరి. ఆ రాజకీయములకంటె ఆయన మనస్సు నిలిచినది వయోజన విద్యయందును గ్రంథాలయములయందును. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అనేక సంవత్సరములు అధ్యక్షులై ఊరూర తిరిగిరి. గ్రహణము నీడవలన కలుగునని బడిలో విన్న పిల్లవాడు ఇంటికి పోయి, రాహువు మ్రింగుచున్నాడన్న తండ్రిముందు నోరు మూసికొనవలసినదే గదా! తండ్రికి అక్షరము రానంతవరకు కొడుకు శాస్త్రము గడప దాటదు. అందుచేత వయోజన విద్యయు ప్రాథమిక పాఠశాల పనిలో సగమే యనుట అతిశయోక్తి కాదు.

మదరాసు రాష్ట్రమున 1948లో గ్రంథాలయ శాసనము వచ్చెను. పన్నుతో గ్రంథాలయములను పోషించు పద్ధతి దానివలన ఏర్పడెను. అంతకు ముప్పదియేండ్ల ముందునుండియు తెలుగు పల్లెలలో జనులు చందాలు వేసికొని గ్రంథాలయములు నడపుచునే యుండిరి.

ప్రభుత్వపు బడిలో పాఠము చెప్పు అవకాశము ఆయనకు దక్కనే లేదు. 1960 ఫిబ్రవరి 29వ తేదీన ఆయన కన్నుమూసిరి. ఆ తేదీ నాలుగేండ్ల కొకసారి గాని రాదు.