ఎముకలు కట్టే ఇంట పుట్టిన డాక్టరు: హ్యూ ఓవెన్ థామస్

చెన్నపట్టణంలోగాని, బెంగుళూరులోగాని కాపురమున్న తెలుగువారింట పిల్లవాడు చెట్టుమీదనుంచి పడి చెయ్యి విరుగగొట్టుకొన్నాడంటే ఆ పూట ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. బామ్మగారు వెంటనే పుత్తూరు తీసుకుపొమ్మంటుంది. తండ్రి ఆసుపత్రికే అంటాడు. తరతరాలుగా కట్లు కట్టే కుటుంబం హస్తవాసిమీద ఆమెకు గురి. ఎక్స్‌రే పటంమీద ఆయనకు గురి. ఈ తగవు మన ఇళ్ళలోనే పుట్టినది కాదు. సుమారు నూటఅరవై ఏళ్ళకు పూర్వం ఇంగ్లండు దేశపు లివర్‌పూలు రేవుపట్టణంలో, వలసవచ్చి స్థిరపడిన ఒక కుటుంబంలో, తండ్రీకొడుకుల నడుమ ఇదే తగవు నడిచింది. తండ్రి నాటు పద్ధతిని ఎముకలు కట్టేవాడు. కొడుకు పట్టా పుచ్చుకొన్న డాక్టరు. ఆ కొడుకు పేరు హ్యూ ఓవెన్ థామస్. నేడు ఏ ఆసుపత్రిలో తొడ ఎముక విరిగినవారి వార్డుకు వెళ్ళినా ఆయన పేరు వినబడుతుంది. అయితే బ్రతికి ఉన్నన్నాళ్ళూ ఏ ఆసుపత్రీ ఆయనకు ఉద్యోగమివ్వలేదు.

ఆ వంశం కథ సముద్రంలో మొదలవుతుంది. క్రీ.శ. 1745 ప్రాంతాన వేల్సు దేశానికి ఉత్తరంగా ఉన్న ఆంగ్లసీ ద్వీపం దగ్గర ఒక ఓడ మునిగిపోయింది. ఇద్దరు పసివాళ్ళు ఒడ్డుకు చేరారనీ, వారిలో ఒకడే బ్రతికాడనీ అంటారు. ఆ పిల్లవాడు మాట్లాడిన భాష ఆ చుట్టుప్రక్కల ఎవరికీ తెలియలేదు. ఒక వెల్షు కుటుంబం వాణ్ణి చేరదీసి, ఇవాన్ థామస్ అని పేరుపెట్టి పెంచుకొంది. వాడు కోళ్ళకూ పక్షులకూ విరిగిన కాళ్ళు సరిచేసి పుల్లలతో కట్టేవాడట. పెద్దయిన తరువాత మనుష్యులకూ కట్టసాగాడు. వాడు ఏ దేశస్థుడన్న ప్రశ్నకు రెండువందల ఏళ్ళకు పైగా సమాధానం దొరకలేదు. స్పెయిను అన్నవారున్నారు, స్కాట్లండు అన్నవారున్నారు. చివరకు 2012లో ఆ వంశీకుల డి.ఎన్‌.ఏ. పరీక్ష ఫలితాలు కాకసస్ పర్వతప్రాంతంవైపు చూపాయి. ఎక్కడి కాకసస్, ఎక్కడి ఆంగ్లసీ!

ఆ ఇవాన్ కొడుకు రిచర్డ్ ఎవాన్స్. రిచర్డ్ కొడుకు తాతగారి పేరు పెట్టుకొన్న మరొక ఇవాన్ థామస్. తండ్రి పేరే కొడుకుకు ఇంటిపేరయ్యే వెల్షు సంప్రదాయంవల్ల తరానికొక ఇంటిపేరు రావడం మనకు వింతగా తోస్తుంది. తరం మారినా విద్య మాత్రం మారలేదు. అందరూ ఎముకలు కట్టినవారే.

ఈ రెండవ ఇవాన్ యువకుడుగా ఉండగానే ఊరు విడిచి లివర్‌పూలు చేరాడు. ఆనాడు వేల్సునుంచి వేలకొలది కుటుంబాలు పనికోసం అక్కడికి వలసపోయాయి. ఇళ్ళు కట్టే మేస్త్రీలు, ఓడరేవు కూలీలు, ఇంటిపనికి కుదిరిన ఆడపిల్లలు, అందరూ తమ భాష మాట్లాడుకొంటూ, తమ ప్రార్థనామందిరాలు కట్టుకొంటూ, తమ పత్రికలు అచ్చువేసుకొంటూ జీవించారు. 1884లో వెల్షువారి జాతీయ కవితోత్సవం, కవికి సింహాసనం వేసి గౌరవించే ఆ పండుగ, స్వదేశంలో కాక లివర్‌పూలులోనే జరిగిందంటే అక్కడ వారి బలగమెంతో ఊహించవచ్చు. ఉగాదికి పరాయిగడ్డమీద కవిసమ్మేళనం జరుపుకొనే మనకు ఆ సంగతి వేరే వివరించనక్కరలేదు.

రేవు కూలీలకు ఇవాన్ చేతిమీద అపారమైన విశ్వాసం ఏర్పడింది. అదే నిష్పత్తిలో పట్టా ఉన్న డాక్టర్లకు కన్నెర్ర అయింది. ఆయనపై కోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. నెగ్గినా డబ్బూ మనశ్శాంతీ రెండూ ఖర్చయ్యాయి. విసిగిన ఇవాన్ ఒక నిర్ణయానికి వచ్చాడు: తన చేతిలో విద్య ఉన్నా పట్టా లేకపోవడంవల్ల వచ్చిన ఈ అవమానం కొడుకులకు రాకూడదు. అయిదుగురు కొడుకులనూ వైద్యకళాశాలలకు పంపి డాక్టర్లను చేశాడు.

వారిలో పెద్దవాడైన హ్యూ 1834 ఆగస్టు 23వ తేదీన ఆంగ్లసీలో జన్మించాడు. వేల్సులో మేనమామ డాక్టరు ఓవెన్ రాబర్ట్స్ దగ్గర కొంతకాలం శుశ్రూష చేసి, ఎడింబరోలోనూ లండనులోనూ చదివి 1857లో పట్టా పొందాడు. కొద్దికాలం పారిస్ ఆసుపత్రులు చూచి లివర్‌పూలు తిరిగివచ్చి తండ్రి దగ్గర చేరాడు. ఏడాదికి మించి పొసగలేదు. కొడుకు చదివిన శాస్త్రం తండ్రికి అతిగా కనిపించింది. తండ్రి పట్టుదల కొడుక్కు మొండితనంగా కనిపించింది. హ్యూ వేరే ఇల్లు చూసుకొని సొంతంగా వైద్యం ప్రారంభించాడు. తండ్రిని విడిచాడే గాని తండ్రి చేతిని విడవలేదు. కీలు ఎంతవరకు కదులుతుందో, ఎముక ఎక్కడ తొలగిందో వ్రేళ్ళతో తెలుసుకొనే నేర్పు కళాశాలలో వచ్చినది కాదు.

ఆయన స్థిరపడిన నెల్సన్ వీధి 11వ నంబరు ఇల్లు సగం ఆసుపత్రి, సగం కొలిమి. ఇంట్లోనే ఒక కమ్మరినీ, తోలుపని చేసేవాణ్ణీ జీతమిచ్చి పెట్టుకొన్నాడు. రోగిని కొలిచిన గంటలోనే సుత్తిచప్పుడు వినబడేది. ఆ రోజుల్లో శస్త్రవైద్యుడు అంగడిలో దొరికే పరికరాన్ని కొని, దానికి రోగిని సరిపెట్టేవాడు. థామస్ రోగికి పరికరాన్ని సరిపెట్టాడు. అందుకే వంచితే వంగే మెత్తని ఇనుము ఎంచుకొన్నాడు. మంచం దగ్గరే చేతిపనిముట్లతో వంచి, చూసి, మళ్ళీ వంచేవాడు. ఈ పని చేయడం తన హోదాకు తక్కువని ఆయనకు తోచలేదు. మిగిలిన డాక్టర్లకు తోచింది.

ఆ కొలిమినుంచి వచ్చినవాటిలో ప్రసిద్ధమైనది మోకాలికని చేసిన బద్ద. తొడ మొదట్లోకి ఎక్కే ఒక ఇనుప కంకణం, దానికి మెత్తవేసి తోలు చుట్టిన అంచు, కంకణానికి ఇరువైపులనుంచి పాదం దాటేవరకు పోయే రెండు కడ్డీలు, అంతే. కంకణం పిరుదు ఎముకకు ఆని నిలుస్తుంది. పాదాన్ని క్రింది చివరకు లాగి కడితే కాలు నిటారుగా సాగి ఉంటుంది. తొడ ఎముక విరిగినప్పుడు కండరాలు ముడుచుకొని, విరిగిన మొనలు ఒకదానిమీదికొకటి ఎక్కి, లోపలి కండను చీలుస్తాయి. పైకి గాయం కనబడకపోయినా తొడలోపలే నెత్తురు కారి మనిషి స్పృహ తప్పుతాడు. కాలు లాగిపట్టి ఉంచితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఇదే బద్దను కొద్దిగా మార్చి, కడ్డీల చివరలు జోడు మడమలోకి దూర్చి నడిచేందుకు వీలుగా చేశాడు. మనదేశంలో పోలియో ఉన్న రోజుల్లో పిల్లలు కాలికి తొడుక్కొన్న కాలిపర్ దాని సంతతిదే.

చేతితో పట్టే పనిముట్లలో పేరుపొందినది థామస్ రెంచి. పేరు విన్నవారికి నట్లు బిగించే రెంచి తలపుకు వస్తే పొరపాటేమీ లేదు. చూపుకు ఇంచుమించు అలాగే ఉంటుంది. పొడవైన పిడి, చివర రెండు మొద్దుకడ్డీలు, వాటి నడుమ దూరం తగ్గించి పెంచేందుకు ఒక మర. పుట్టుకతోనే లోపలికి మెలిదిరిగిన పాదాన్ని ఆ రెండు కడ్డీల మధ్య పట్టి, పిడి ఆధారంతో మెల్లగా సరైన వైపుకు త్రిప్పేవాడు. కత్తి లేదు, నెత్తురు లేదు. పుండ్లు చీముపట్టి ప్రాణాలు పోయే కాలంలో అది చిన్న లాభం కాదు. అయితే బలప్రయోగం బలప్రయోగమే. లేత పాదంలోని చిన్న ఎముకలు దానివల్ల నలుగుతాయని తరువాత తెలిసింది. నేడు వంకరపాదాలను పోన్సేటి అనే డాక్టరు చెప్పిన పద్ధతిని, వారంవారం పిండికట్టు మార్చుతూ నెమ్మదిగా సరిదిద్దుతున్నారు. అతుక్కోని విరుపుచోట సుత్తితో తట్టి, రబ్బరు పట్టీలతో నెత్తురు నిలిపి, అతుకు పుట్టించే పద్ధతినీ థామస్ వాడాడు. అదీ నిలవలేదు.

పరికరమే లేకుండా ఆయన కనిపెట్టిన పరీక్ష ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. తుంటి కీలు క్షయవల్ల ముడుచుకుపోయిన పిల్లవాడు బల్లమీద వెల్లకిల పడుకొని నడుము పైకెత్తి ఆ వంపును దాచేస్తాడు. చూసేవారికి కాలు తిన్నగా ఉన్నట్టే కనబడుతుంది. థామస్ బాగున్న కాలి మోకాలిని పొట్టమీదికి వంచి పట్టేవాడు. నడుము బల్లకు ఆనుతుంది. వెంటనే జబ్బు కాలి తొడ బల్లమీదనుంచి లేస్తుంది. ఎంత లేచిందో అంత వంపు. నేటికీ వైద్యవిద్యార్థులు థామస్ పరీక్ష అని దీనిని నేర్చుకొంటున్నారు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే: జబ్బుపడిన కీలుకు విశ్రాంతి కావాలి. ఆ విశ్రాంతి తెంపులేకుండా, విసుగులేకుండా, నెలలూ ఏళ్ళూ సాగాలి. ఆనాటి పెద్ద శస్త్రవైద్యులు క్షయ పట్టిన కీళ్ళను కోసి తీసివేయడంలో చురుకుగా ఉన్నారు. అది తొందరపాటని ఆయన వాదించాడు. 1875లో తుంటి, మోకాలు, చీలమండ కీళ్ళ వ్యాధులపై గ్రంథం వెలువరించాడు. అందులో విషయం గొప్పది, శైలి కటువు. ఎదుటివారిని ఎత్తిపొడవకుండా ఆయన నాలుగు పుటలు వ్రాయలేడు. లండను పెద్దలు ఆ గ్రంథాన్ని పట్టించుకోకపోవడానికి ఈ కటుత్వం కొంత కారణమే. కాని నాటువైద్యుని కొడుకన్న చిన్నచూపు అంతకంటె పెద్ద కారణమని నా అభిప్రాయం. ఇనుపకడ్డీని అంత తేలికగా త్రోసివేయడానికి మరో కారణం కనబడదు.

మనిషి చూపుకు విచిత్రంగా ఉండేవాడు. పొట్టి, బక్కపలుచన, మెడదాకా బొత్తాలు పెట్టిన నల్లకోటు, గాయంవల్ల జారిన కంటిరెప్పను కప్పేందుకు ప్రక్కకు దించిన ఓడవాళ్ళ టోపీ, నోట ఎప్పుడూ సిగరెట్టు. తెల్లవారకముందే బండి కట్టించుకొని రోగుల ఇళ్ళకు బయలుదేరేవాడు. అర్ధరాత్రి దాకా కొలిమిలోనో వ్రాతబల్లముందో ఉండేవాడు. సెలవన్నది ఎరుగడు. 1864లో ఎలిజబెత్ జోన్స్‌ను వివాహమాడాడు, సంతానం కలుగలేదు. ఆదివారం బీదలకు ఉచితవైద్యం. ఆ రోజు కుంటివారితోనూ, బిడ్డలను చంకనెత్తుకొన్న తల్లులతోనూ నెల్సన్ వీధి నిండిపోయేది.

1891 జనవరి 6వ తేదీన, చలికాలపు జబ్బు ముదిరి, 56వ ఏట హ్యూ థామస్ మరణించాడు. శవయాత్రకు రేవు కూలీలు వేలాదిగా వచ్చారు. వైద్యలోకం తన పనిని అంగీకరించడం ఆయన చూడలేదు.

ఆ పనిని నిలబెట్టినవాడు భార్యవైపు బంధువైన రాబర్ట్ జోన్స్. 1873లో పదహారేళ్ళవాడుగా ఈ ఇంటికి వచ్చి, ఇక్కడే ఉండి చదువుకొని డాక్టరయ్యాడు. పెద్దాయన కోపమొక్కటీ తప్ప ఆయన విద్య అంతా ఇతనికి వచ్చింది. అందరూ మెచ్చే మృదుస్వభావి. మాంచెస్టరు ఓడకాలువ త్రవ్వే రోజుల్లో 36 మైళ్ళ పొడవునా పనివారికి దెబ్బలు తగిలితే చూచే బాధ్యత 1888లో ఇతనికి వచ్చింది. కాలువ వెంబడి మూడు ఆసుపత్రులు, నడుమ ప్రథమచికిత్స కేంద్రాలు ఏర్పాటుచేసి థామస్ పద్ధతులను వేలమంది మీద రుజువుచేశాడు.

1914లో మహాయుద్ధం వచ్చింది. తుపాకి దెబ్బకు తొడ ఎముక విరిగిన సిపాయిలు డోలీలలోనూ బండ్లలోనూ కుదుపులు తింటూ ఆసుపత్రి చేరేలోపలే ప్రాణాలు విడుస్తున్నారు. మొదట్లో నూటికి 80 మంది చనిపోయేవారని పుస్తకాలలో వ్రాశారు. ఆ అంకె ఎక్కువ చేసి చెప్పినదని నేటి పరిశోధకులు కొందరు శంకిస్తున్నారు. ఏమైనా చావులు ఘోరమనడంలో వివాదం లేదు. జోన్స్ పట్టుబట్టి థామస్ బద్దను యుద్ధరంగానికి చేర్పించాడు. డోలీ మోసేవారికి కళ్ళకు గంతలు కట్టి అభ్యాసం చేయించారు. చీకటిలో, గుళ్ళు కురుస్తున్నచోట, జోడూ పంట్లామూ విప్పకుండానే బద్ద బిగించడం వారికి చేతికి వచ్చింది. 1917లో అర్రాస్ యుద్ధంలో తొడ ఎముక విరిగిన 1,009 మందిని లెక్కించగా చనిపోయినవారు నూటికి 16 మందికి లోపు. ఆ కంకణమూ కడ్డీలూ నెల్సన్ వీధి కొలిమిలో తయారై అప్పటికి నలభై ఏళ్ళు దాటింది.

రాబర్ట్ జోన్స్ 1933లో మరణించాడు. అస్థికలు లివర్‌పూలు కథీడ్రల్‌లో ఉంచారు. హ్యూ థామస్ సమాధి టాక్స్‌టెత్ పార్కు శ్మశానంలో ఉంది. నెల్సన్ వీధి తరువాత చీనావారి పేట అయింది. సముద్రం దాటివచ్చిన ఆ కుటుంబాలు అక్కడ భోజనశాలలూ దుకాణాలూ పెట్టుకొని, ఏటా తమ సంవత్సరాదిని ఆ వీధులలోనే జరుపుకొంటున్నాయి. 2000లో వీధి మొగదల ఒక పెద్ద చీనా తోరణం కూడా వెలసింది.