బోర్డు కనబడని పిల్లవాడు: ద్వారం వెంకటస్వామి నాయుడు గారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, ఇంజనీరును కదా, ఏ వంతెన గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను ఒక ఫిడేలు విద్వాంసుడి గురించి రాస్తున్నాను. ఆయనది హసన్‌పర్తి కాదు, మన వరంగల్లు కూడా కాదు. నేను పుట్టకముందే పోయారు. అయినా మన బడి సంచికలో ఆయనకు చోటుందని నా నమ్మకం.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు బెంగళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచే చూపు మందం. చూపు ఆనక బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య గారికి ఫిడేలు వచ్చు. ఆయనే తమ్ముడికి నేర్పారు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ఏడో తరగతి తర్వాత బడికి రావడం మానేశాడు. వాడికి బోర్డు మీది అక్షరాలు కనబడేవి కావు. పక్కవాడి నోటుబుక్కులో చూసి రాసుకునేవాడు. మేం నవ్వేవాళ్లం, పేర్లు పెట్టేవాళ్లం. ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. వాడికి కావలసింది ఒక జత కళ్లద్దాలేనని మాకెవరికీ తట్టలేదు.

నాయుడు గారి చేతికి వచ్చిన వాద్యం కూడా మామూలుది కాదు. వీణకు మెట్లుంటాయి, ఫిడేలుకు ఉండవు. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగితే అపస్వరమే. చూసి సరిదిద్దుకునేది ఏమీ లేదు, చెవి ఒక్కటే ఆధారం. కొలతలతో బతికే నాబోటి వాడికి ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే. పైగా అది పడమటి నుంచి వచ్చిన వాద్యం. బాలుస్వామి దీక్షితుల వంటి వారు దాన్ని మన సంగీతంలోకి తెచ్చి వందేళ్లు దాటినా, కచేరీలో దాని చోటు గాయకుడి పక్కనే. పాట ఎటు పోతే అటు పోవాలి.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. చూపులేని ఒక కుర్రవాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే దానికి మూలమని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ విద్యార్థిగా చేరుదామని వెళ్లిన నాయుడు గారి వాద్యం విని, ఆయననే అధ్యాపకుడిగా తీసుకున్నారని అంటారు. అప్పటికి ఆయనకు ఇరవయ్యారో ఏడు. బడి చదువు పూర్తికాని మనిషి కళాశాలలో పాఠం చెప్పాడు! 1936లో నారాయణదాసు గారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు మధూకరం ఎత్తుకుంటూ చదువుకున్నది ఆ కళాశాలలోనే. నూకల చినసత్యనారాయణ గారు కూడా నాయుడు గారి శిష్యులే.

ఇంత వరకూ ఉద్యోగం. అసలు పని కమానుతో చేశారు. పాశ్చాత్య విద్వాంసులు కమాను నడిపే తీరును శ్రద్ధగా గమనించి, దాన్ని మన రాగానికి తగినట్టు మలచుకున్నారు. తెగిపోని పొడవాటి నాదం, గొంతులోంచి వచ్చినట్టే ఉంటుంది. 1938లో వెల్లూరులో గాయకుడు లేకుండా ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. కర్ణాటక సంగీతంలో అదే మొదటి ఫిడేలు సోలో కచేరీ అని చెబుతారు. పక్కవాద్యం నడి వేదిక మీదికి వచ్చింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధిని చేసింది. 1952లో మన దేశానికి వచ్చిన ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారింట ఆయన వాద్యం విని ఎంతో మెచ్చుకున్నారు. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతికి, 1993లో, తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది.

మొన్నటి మన సమ్మేళనానికి ఆ మిత్రుడూ వచ్చాడు. ఊళ్లోనే దుకాణం నడుపుకుంటున్నాడు. ముప్ఫై దాటాక ఎవరో చెబితే హన్మకొండ వెళ్లి అద్దాలు పెట్టించుకున్నాడట. పాత మాటలకు క్షమించమని అడిగితే ఎప్పటి ముచ్చటో అని కొట్టేశాడు. భోజనాలయ్యాక చెట్టు కింద కూర్చొని నా ఫోన్‌లో నాయుడు గారి రికార్డు ఒకటి వినిపించి, ఆయన కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పాట తనకూ పంపమన్నాడు. పంపాను.

కమిటీ వారికి ఒక మనవి. మన బడిలో ఆరో తరగతి పిల్లలందరికీ ఈ ఏడాది కంటి పరీక్ష, అవసరమైన వారికి అద్దాలు. ఖర్చు నేనూ ఆ మిత్రుడూ చెరిసగం పెట్టుకుంటాం. హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి తేదీ చెప్పండి.