ఊపిరికి దారి చూపిన ఎస్మార్క్

యుద్ధభూమిలో నేలకొరిగిన సైనికునకు మృత్యువు గుండుదెబ్బ వలననే రానక్కరలేదు. స్పృహ తప్పి వెల్లకిల పడినవాని నాలుక వెనుకకు జారి గొంతును మూసివేసినచో, స్వల్పగాయమే తగిలినవాడైనను కొద్ది నిమిషములలో ప్రాణము విడుచును. ఈ విపత్తును వట్టి చేతులతో తప్పించు ఉపాయమును బోధించిన మహనీయులలో జర్మను శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిష్ ఎస్మార్క్ ముఖ్యుడు.

అతడు 1823 జనవరి 9వ తేదీన ష్లెస్విగ్ సీమలోని టోనింగ్ పట్టణమున జన్మించెను. తండ్రియు వైద్యుడే. కీల్, గోటింగెన్ నగరములలో వైద్యవిద్య నభ్యసించి, 1846లో లాంగెన్‌బెక్ అను ప్రఖ్యాత శస్త్రవైద్యునకు సహాయకుడయ్యెను. 1848లో డెన్మార్కుతో యుద్ధము రాగా సేనలో చేరి, శత్రువులకు బందీగా చిక్కి, విడుదలయైన పిమ్మట మరల క్షతగాత్రుల చెంతకే వెళ్ళెను. యుద్ధవైద్యముపై అతని దృష్టి నిలిచినది అప్పుడే. 1857లో కీల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1864, 1870 యుద్ధములలోను సేవ చేసెను.

ఆ దినములలో క్లోరోఫారము మత్తులో రోగికి ఊపిరాడనిచో నాలుకను పటకారుతో పట్టి వెలుపలికి లాగుట వాడుక. క్రింది దవడను రెండు మూలల వెనుక వ్రేళ్ళుంచి ముందునకు నెట్టిన చాలునని ఎస్మార్క్ 1877 నాటి తన యుద్ధశస్త్రవైద్య గ్రంథమున వివరించెను. దవడ నంటియున్న నాలుక దానితోపాటు ముందునకు వచ్చును, గొంతు తెరచుకొనును. నార్వే వైద్యుడు హైబెర్గ్ కూడ ఈ పద్ధతినే తెలిపెను గనుక, ఇది ఇరువురి పేరిట ప్రసిద్ధమైనది.

విద్య వైద్యుని కడనే యుండిపోయినచో వీథిలో పడినవాని కేమి ఫలము? 1881లో లండనులో సామాన్యులకు ప్రథమచికిత్స నేర్పుటను చూచి వచ్చి, మరుసటి యేడు కీల్ నగరమున అట్టి పాఠశాలను ఎస్మార్క్ నెలకొల్పెను. అరకొర చదువుతో నాటువైద్యులు పుట్టుకొత్తురని కొందరు వైద్యు లాక్షేపించిరి. వైద్యుడు వచ్చువరకు ప్రాణము నిలుపుటయే శిష్యుల పనియని ఎస్మార్క్ హద్దు నిర్ణయించెను. అతని అయిదు ఉపన్యాసములను విక్టోరియా రాణి కుమార్తె హెలీనా ఆంగ్లమున కనువదించెను.

1908 ఫిబ్రవరి 23న అతడు కీల్ నగరమున కన్నుమూసెను. నేడు అంబులెన్సులలో ఊపిరిగొట్టములును, గొంతులోనికి వెలుగు ప్రసరింపజేయు సాధనములును కలవు. అయినను, మెడయెముక విరిగెనను అనుమానమున్నచోట తలను వెనుకకు వంచక, దవడనే ముందునకు నెట్టుట నేటికిని నేర్పుచున్నారు. పనిముట్టు చేతికందు లోపల ప్రాణమును కాచునది తెలిసిన చేయియే. ఆ తెలివిని పదుగురికి పంచుటయే ఎస్మార్క్ చేసిన మహోపకారము.