మూడు వలసల గురువు: గుల్బర్గా బందే నవాజ్

సోలాపూర్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే గుల్బర్గాలో దిగుతాం. దూరం సుమారు 110 కిలోమీటర్లు. ఇప్పుడు ఆ ఊరి పేరు కలబురగి అయినా మన పేటల్లో పెద్దవాళ్లు ఇంకా గుల్బర్గా అనే అంటారు. శరణబసవేశ్వరుని గుడికి వెళ్లి, పనిలో పనిగా బందే నవాజ్ దర్గాలోనూ తల వంచి వచ్చినవాళ్లు మన మగ్గాల వాడల్లో చాలామందే ఉన్నారు. తిరిగొచ్చాక పిల్లలకు చక్కెర ప్రసాదం పెడతారు, ఒకటి రెండు మహిమలు చెబుతారు. ఆ మహనీయుడు ఎవరు, ఎక్కడివాడు, ఏం చదివాడు, గుల్బర్గాకు ఎందుకొచ్చాడు అని పిల్లలు అడిగితే మాత్రం చెప్పలేక మాట మారుస్తాం. టీచర్లం మేమూ అంతే. పాఠ్యపుస్తకంలో బహమనీ సుల్తానుల పేర్లు వరుసగా ఉంటాయి గాని, వాళ్ల ఊళ్లో బతికిన ఈ మనిషి ఉండడు. ఈ వారం ఆయన బతుకు చెప్పుకుందాం.

ఆయన అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుసేనీ. 1321లో ఢిల్లీలో పుట్టాడు. ఆరేడేళ్ల వయసులో ఇల్లు కదిలింది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చాలనుకున్న కాలం అది. కొలువులో పనిచేసేవాళ్లు, పండితులు, సూఫీలు కుటుంబాలతో సహా దక్కనుకు తరలి రావలసి వచ్చింది. వెయ్యి కిలోమీటర్లకు పైబడ్డ దారి. ఆ గుంపులో ఈ పిల్లవాడు కూడా ఉన్నాడు. తండ్రి సయ్యద్ యూసుఫ్ హుసేనీ కూడా సూఫీయే. దౌలతాబాద్ చేరిన కొన్నేళ్లకే, కొడుకుకు పదేళ్లు వచ్చే వేళకు ఆయన కన్నుమూశాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. ఎల్లోరా చూడటానికి పిల్లలను బస్సులో తీసుకువెళ్లే బడులు ఆ ఊరి మీదుగానే వెళతాయి. ఔరంగజేబు సమాధి చూపిస్తారు గాని ఈ సమాధి సంగతి ఎవరూ చెప్పరు.

తండ్రి పోయాక తల్లికీ, దౌలతాబాద్‌లో పెద్ద పదవిలో ఉన్న ఆమె అన్నకూ పొసగలేదు. 1335 ప్రాంతంలో ఆమె కొడుకులను వెంటబెట్టుకుని ఢిల్లీకి తిరిగి వెళ్లిపోయింది. ఇది రెండో వలస. మొదటిది రాజు ఆజ్ఞ, రెండోది తల్లి నిర్ణయం. పిల్లవాడి ఇష్టం రెంటిలోనూ లేదు.

ఢిల్లీలో ఆయనకు గురువు దొరికాడు. నిజాముద్దీన్ ఔలియా తర్వాత చిష్తీ సంప్రదాయానికి పెద్దగా ఉన్న షేక్ నసీరుద్దీన్. చిరాగ్-ఎ-దిల్లీ, అంటే ఢిల్లీ దీపం అని లోకం పిలిచిన మనిషి. పదిహేనేళ్ల వయసులో అన్న సయ్యద్ చందన్‌తో కలిసి ఆయన చేతుల మీద శిష్యరికం తీసుకున్నాడు. ఇక్కడ బడి నడిపేవాళ్లం తప్పక చెప్పవలసిన సంగతి ఒకటుంది. ధ్యానంలో రుచి తగిలాక ఆ కుర్రవాడికి పుస్తకాల మీద మనసు నిలవలేదు. చదువు మానేసి పూర్తిగా సాధనలోనే ఉండిపోతానని గురువును అడిగాడు. గురువు ఒప్పుకోలేదు. చదువు పూర్తి చేయమన్నాడు. ధర్మశాస్త్రం, వ్యాకరణం, తర్కం అన్నీ ఢిల్లీ పండితుల దగ్గర చదివిన తర్వాతే సాధనలో పూర్తిగా దిగాడు. కుర్రవాడి చదువు ఆపి సాంచాల మీద పెడదామా అని మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు ఈ గురువు మాట మేము చాలాసార్లు చెప్పాం. అందరూ విన్నారని చెప్పలేం.

గేసూదరాజ్ అనే పేరు ఎలా వచ్చిందో ఒక కథ ఉంది. ఆ మాటకు పొడుగాటి కురులవాడు అని అర్థం. శిష్యులంతా గురువు పల్లకీని భుజాల మీద మోస్తున్నారట. ఈయన జుట్టు పల్లకీ కోడుకు చిక్కుకుంది. విడిపించుకోవాలంటే ఆగాలి, పల్లకీ కుదుపుతుంది. ఆగకుండా, నొప్పి బయటపెట్టకుండా దారంతా అలాగే నడిచాడు. దిగాక గురువుకు తెలిసి మెచ్చుకున్నాడని చెబుతారు. బందే నవాజ్ అన్నది జనం పెట్టుకున్న పేరు. దాసులను ఆదరించేవాడు అని దాని భావం.

1356లో గురువు కాలం చేశాడు. చిష్తీ పరంపరలో గురువు తన దుప్పటి, జపమాల, చేతికర్ర వంటివి వారసుడికి ఇచ్చి వెళ్లడం ఆనవాయితీ. నసీరుద్దీన్ ఎవరికీ ఇవ్వలేదు. వాటిని తనతోపాటే సమాధిలో పెట్టించుకున్నాడు. అప్పుడు గేసూదరాజ్ ఏం చేశాడన్నది ఆయన చరిత్ర రాసిన శిష్యులు చెప్పారు. గురువు దేహానికి స్నానం చేయించిన నులకమంచం తాళ్లు విప్పి తన మెడలో వేసుకున్నాడు. తనకు దక్కిన గురువస్త్రం ఇదేనన్నాడు. నూలుతో బతికే మన ఇళ్లలో ఈ కథ చెబితే పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఢిల్లీలోనే ఉన్నాడు. తల్లి పట్టుబట్టడంతో నలభై ఏళ్ల వయసులో పెళ్లి చేసుకున్నాడు. కొడుకులు, కూతుళ్లు పుట్టారు. శిష్యులు పెరిగారు. బతుకు అక్కడే ముగుస్తుందని ఆయన కూడా అనుకుని ఉంటాడు.

1398 డిసెంబరులో తైమూరు సేనలు ఢిల్లీ మీద పడ్డాయి. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. కుటుంబంతో, శిష్యులతో నగరం విడిచాడు. గ్వాలియర్, చందేరి మీదుగా గుజరాత్‌లో బరోడా, ఖంభాత్ దాకా వెళ్లాడు. అక్కడి నుంచి దక్కను వైపు తిరిగి దౌలతాబాద్ ప్రాంతానికి, తండ్రి సమాధి దగ్గరికి వచ్చాడు. ఈ ప్రయాణం దాదాపు రెండేళ్లు పట్టింది. దారిలో ఆయన శిష్యులతో చెప్పిన మాటలను పెద్దకొడుకు సయ్యద్ అక్బర్ హుసేనీ ఫారసీలో రాసిపెట్టాడు. అదే జవామివుల్ కలిమ్ అనే గ్రంథం. ఇల్లు వదిలి, సామాను మోసుకుంటూ, ఊరూరా ఆగుతూ నడిచిన ఆ రోజుల్లోనే కొడుకు తండ్రి మాటను కాగితం మీద పెట్టడం మాకు చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది. ఆ కొడుకు తండ్రి బతికుండగానే పోయాడు. పుస్తకం మిగిలింది.

అందులో భాషల గురించిన ముచ్చట ఒకటుంది. ఆయన ఫారసీ, అరబీలలో పండితుడు. సూఫీ సంగీత సభల్లో ఫారసీ గజళ్లతోపాటు హిందవీ పాటలు కూడా పాడేవారు. ఏ భాష గుణం ఆ భాషదేనని, హిందవీ పాటలో ఉండే మెత్తదనం, మనసును కరిగించే శక్తి వేరొకదానిలో దొరకదని ఆయన అభిప్రాయం. కొలువు భాష ఫారసీ, శాస్త్రం భాష అరబీ అయిన రోజుల్లో ఇంటి భాషకు, వీధి భాషకు ఒక పండితుడు ఇచ్చిన స్థానం ఇది. సంస్కృత గ్రంథాలు చదివాననీ, బ్రాహ్మణ పండితులతో వాదించాననీ కూడా చెప్పుకున్నాడు. ఆ వాదాల్లో గెలిచి వాళ్లను తన మతంలోకి తేవాలన్న కోరిక ఆయనకు ఉండేది. దీన్ని దాచి, అన్ని మతాలూ ఒకటేనన్నాడని పిల్లలకు చెప్పడం సరికాదు. ఆయన ధర్మశాస్త్రం విషయంలో గట్టి మనిషి. సూఫీలలోనే పేరు మోసిన ఇబ్న్ అరబీ సిద్ధాంతాన్ని సైతం తప్పుపట్టాడు. అంత గట్టి మనిషి సమాధి దగ్గరికి అన్ని కులాల, మతాల జనం ఆరు వందల ఏళ్లుగా వస్తూనే ఉన్నారు.

దక్కనులో అప్పుడు బహమనీ రాజ్యం. గద్దె మీద ఉన్నది ఫిరోజ్ షా. రాజధాని గుల్బర్గా. ఫిరోజ్ కూడా చదువుకున్నవాడే. చాలా భాషలు వచ్చు, ఖగోళశాస్త్రం మీద మోజు. మన సోలాపూర్ జిల్లా మీదుగా పారే భీమానది ఒడ్డునే, గుల్బర్గాకు దిగువన, ఫిరోజాబాద్ అనే కొత్త నగరం కట్టించాడు. గురువు దౌలతాబాద్ వచ్చాడని తెలిసి తన రాజధానికి ఆహ్వానించాడు. 1400 ప్రాంతంలో, ఎనభైకి దగ్గరపడిన వయసులో, ఆయన గుల్బర్గాలో అడుగుపెట్టాడు. ఇది మూడో వలస.

మొదట్లో మర్యాదలు బాగానే జరిగాయి. త్వరలోనే రాజుకు ఈయన మీద గురి తగ్గింది. తాను మెచ్చే తర్కం, తత్వశాస్త్రం వంటి విద్యల్లో ఈయన అంత దిట్ట కాడని ఫిరోజ్ అనుకున్నాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. రాజు తమ్ముడు అహ్మద్ మాత్రం గురువు దగ్గరికి తరచు వచ్చేవాడు, ఆయన మఠానికి సాయం చేసేవాడు. కోట పక్కనే ఉన్న ఆ మఠానికి జనం విరగబడి వచ్చేవారు.

1415లో ఫిరోజ్ తన కొడుకు హసన్ ఖాన్‌ను వారసుడిగా ప్రకటించి, ఆశీర్వదించమని గురువును అడిగాడు. గురువు ఇవ్వలేదు. రాజ్యం అహ్మద్‌కు రాసిపెట్టి ఉందని చెప్పి పంపాడు. రాజుకు కోపం వచ్చింది. కోట దగ్గర ఈ జనసమ్మర్దం వల్ల ఇబ్బంది అని సాకు చెప్పి, ఆయన్ను ఊరి అవతలికి వెళ్లిపొమ్మన్నాడు. తొంభై దాటిన మనిషి మళ్లీ సామాను సర్దుకున్నాడు. ఇప్పుడు దర్గా ఉన్న చోటు అలా ఆయనదైంది. జనం రాకపోకలు ఆగలేదు. కోట దగ్గరికి వచ్చేవాళ్లే ఇక్కడికి రాసాగారు.

ఇందులో మా అనుమానం ఒకటి చెప్పాలి. గురువు జరగబోయేది చూసి చెప్పాడా, తనను ఆదరించిన అహ్మద్ వైపు మొగ్గాడా? భక్తులు మొదటిది నమ్ముతారు, కొందరు చరిత్రకారులు రెండోదాని వైపు చూస్తారు. పై తరగతుల పిల్లలకు రెండూ చెప్పి వాళ్లనే ఆలోచించమనడం మంచిది. ఒకటి మాత్రం తేలికగా చెప్పవచ్చు. రాజు అడిగిన మాట రాజు ముఖం మీద కాదనడానికి ఆయన వెనకాడలేదు, దానికి ఇల్లు వదలవలసి వచ్చినా సరే.

ఫిరోజ్‌కు తర్వాత కలిసిరాలేదు. తెలుగు నేల మీది పానగల్ కోట ముట్టడిలో విజయనగర సేనల చేతిలో ఓడి, ఆరోగ్యం చెడి కుంగిపోయాడు. 1422 సెప్టెంబరులో అహ్మద్ గద్దెనెక్కాడు. కొద్ది రోజులకే ఫిరోజ్ చనిపోయాడు. నవంబరు 1న గురువు కూడా వెళ్లిపోయాడు. ఆయన సమాధి మీద పెద్ద గుమ్మటం కట్టించింది అహ్మద్ షాయే. తర్వాత రాజధానిని బీదర్‌కు మార్చాడు. కొలువు వెళ్లిపోయినా గుల్బర్గాకు జనం రావడం ఈ దర్గా వల్ల ఆగలేదు.

ఆయన 104 ఏళ్లు బతికాడని దర్గాలో చెబుతారు, మన లెక్కకు 101 వస్తుంది. రెండూ సరైనవే. హిజ్రీ ఏడాది చంద్రమానం, మన క్యాలెండరు కన్నా సుమారు 11 రోజులు చిన్నది. నూరేళ్లకు మూడేళ్ల తేడా పడుతుంది. లెక్కల టీచరుకు మంచి ప్రశ్న. జిల్ఖద్ నెల 15, 16, 17 తేదీల్లో జరిగే ఉర్సు ఏటా కొంచెం ముందుకు జరగడానికీ కారణం ఇదే.

ఇంకొక సవరణ కూడా చేసుకోవాలి. మేరాజుల్ ఆషిఖీన్ అనే దక్కనీ పుస్తకం ఈయన రాసిందేననీ, ఉర్దూలో తొలి వచన గ్రంథం అదేననీ పాత పుస్తకాల్లో ఉంటుంది. అది చాలా తర్వాతి కాలానిదని పరిశోధకులు తేల్చారు. ఆయన గ్రంథాలు ఫారసీ, అరబీలలోనివి. ఖురాన్ వ్యాఖ్యానం, శిష్యుల నడవడి గురించిన పుస్తకం, ఇంకా ఎన్నో ఉన్నాయి.

అయితే ఇంటి భాషలో సూఫీ మాట చెప్పే పని ఆయన తర్వాత దక్కనులో ఆగలేదు. రెండు మూడు వందల ఏళ్ల తర్వాత బిజాపూర్ సూఫీలు ఆడవాళ్ల కోసం దక్కనీలో పాటలు కట్టారు. ఇసుర్రాయి తిప్పుతూ పాడేవి చక్కీనామాలు, రాట్నం తిప్పుతూ పాడేవి చర్ఖానామాలు. బందే నవాజ్ పేరు మీద కూడా ఒక చక్కీనామా ప్రచారంలో ఉంది. మరాఠీ ఇళ్లలో జాతె మీద పాడే ఓవీలు విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. చర్ఖానామాలో ఒంటినే రాట్నంగా చెబుతారు. దూది చేతిలోకి తీసుకునేటప్పుడు ఒక రకం స్మరణ, దాన్ని విడదీసేటప్పుడు ఇంకొకటి, దారం చుట్టేటప్పుడు మరొకటి. ఊపిరిని పోగులా లెక్కబెట్టుకోమంటారు. చదువు రాని ఆడమనిషికి పుస్తకం ఇవ్వలేరు కాబట్టి, ఆమె చేతిలో ఉన్న పనినే పుస్తకం చేశారు.

మన వాడల్లో కండెలు చుట్టేటప్పుడు, బీడీలు చుట్టేటప్పుడు మన అమ్మమ్మలు, నాయనమ్మలు తెలుగులో పాడిన పాటలు కొన్ని ఇంకా వాళ్ల నోట ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఆరో తరగతి పైబడిన పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక్కో పాట అడిగి నోటుబుక్కులో రాసుకుని రావాలి. పాట పక్కన, అది ఏ పని చేస్తూ పాడేవారో కూడా రాయాలి. ఆ నోటుబుక్కులను బడి తెరిచిన మొదటి వారంలో తరగతిలో చదివిద్దాం.