జేమ్సు వాట్టు – గవర్నరు కథ

జేమ్సు వాట్టు 1736వ సంవత్సరము జనవరి 19వ తేదీన స్కాట్లండునందలి గ్రీనాకు పట్టణమున జన్మించెను. బాల్యమున దుర్బలశరీరుఁడగుటచే మొదట తల్లియొద్దనే చదువుకొనెను. లండనులో ఒక్క యేఁడు మాత్రము పరికరనిర్మాణము నేర్చి గ్లాస్గో చేరఁగా, ఏడేండ్ల శిష్యరికము లేదని అచ్చటి పనివారల సంఘము అడ్డుపడెనందురు. విశ్వవిద్యాలయమువారు అతని నేర్పును గ్రహించి 1757లో పనికై ఒక గది నొసంగిరి. ఆవిరిని ప్రత్యేకపాత్రలో చల్లార్చు నుపాయమును అతఁడు 1765లో కనిపెట్టెను. దానిచే ఆవిరియంత్రములకు బొగ్గు ఖర్చు మిక్కిలి తగ్గెను.

గాలిమరలయందు వాడుకలోనుండిన రెండు గుండ్ల సాధనమును వాట్టు 1788లో తన యంత్రమున కమర్చెను. వేగము హెచ్చినచో గుండ్లు వెలుపలికి జరిగి ఆవిరిద్వారమును కొంత మూయును. తగ్గినచో లోనికి వచ్చి తెఱచును. ఇదియే గవర్నరు.

1819లో, 83వ యేఁట, అతఁడు మరణించెను. నూటయిరువదేండ్లకు, 1939లో, అమెరికాలో గేర్లు తమంతట మారు హైడ్రామాటిక్ మోటారుబండ్లు వెలువడెను. వానిలోను గవర్నరే ముఖ్యము. బండి వేగము పెరిగినకొలఁది దాని బరువులు వెలుపలికి జరిగి నూనె ఒత్తిడిని పెంచును. డ్రైవరు ఆక్సిలరేటరు త్రొక్కినకొలఁది మఱియొక ఒత్తిడి దాని నెదిరించును. మొదటిది గెలిచినప్పుడే పైగేరు పడును. కావుననే మిట్ట యెక్కునపుడు గేరు ఆలస్యముగా మారును. ఆక్సిలరేటరు కడ్డీ పొడవును సవరించి మెకానికులు ఆ సమయమును ముందువెనుకలు చేయుచుండిరి.

విద్యార్థులారా! త్రోవ మూసికొనిపోయినను వాట్టు చేతిపనిని విడువలేదు. పరుల సాధనమును తన సృష్టియని చెప్పుకొనలేదు. ఈ రెండు గుణములును మనకు ననుసరణీయములు.